పికప్ బండి మీద క్యాంపర్: గోదావరి డెల్టా ఉక్కకు తగ్గట్టు లోపలి అమరిక గీసుకునే పద్ధతి

రావులపాలెం మార్కెట్‌కి అరటి గెలలు మోసే పికప్ బండికి ఏడాది పొడవునా పని ఉండదు. పని లేని రోజుల్లో అదే బండి మీద ఓ చిన్న గదిని ఎక్కించి, కుటుంబంతో అంతర్వేది తీర్థానికో, ఓడలరేవు ఒడ్డుకో వెళ్లి రాత్రి అందులోనే పడుకుని రావచ్చు. తిరిగొచ్చాక గదిని దించేస్తే బండి మళ్లీ గెలలకు సిద్ధం. ఇలా ఎక్కించి దించే గదినే ట్రక్కు క్యాంపర్ అంటారు. రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండే రైతుకి కూడా ఇది బాగా పనికొస్తుంది.

ఇంటర్నెట్‌లో దొరికే ప్లాన్లు చాలావరకు చలిదేశాల వాళ్లవి. లోపలి వెచ్చదనం బయటికి పోకూడదన్నది వాళ్ల లెక్క. కాబట్టి కిటికీలు చిన్నవి, వంట లోపలే, పడక క్యాబిన్ నెత్తిన. మన దగ్గర మే నెలలో రాత్రి పదకొండు దాటినా ఒంటి మీద చెమట ఆరదు. ఆ ప్లాన్ తెచ్చి యథాతథంగా ఇక్కడ కట్టిస్తే అందులో ఎవరూ పడుకోలేరు. అందుకే ఈ గైడ్‌లో వరస మార్చాను. పడుకున్న మనిషికి గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో ముందు తేల్చాలి. పడక దాన్ని బట్టి, మిగతా సామానంతా పడకను బట్టి.

1. బండిని కొలవండి

కంపెనీ కాగితంలో ఉన్న కొలతల్ని నమ్ముకుని చెక్క కోయొద్దు. ఒకే మోడల్‌లో కూడా బాడీలు తేడాగా ఉంటాయి. టాటా ఏస్ తరహా చిన్న బండికి బాడీ ఇంచుమించు 7 అడుగుల పొడవు, 5 అడుగులకు కాస్త తక్కువ వెడల్పు ఉంటుంది. బొలెరో పికప్ తరహా బండికి ఇంచుమించు 9 అడుగులు, అయిదున్నర అడుగులు. టేపు పట్టుకుని ఇవి రాసుకోండి: లోపలి పొడవు, ముందూ మధ్యలో వెనకా మూడు చోట్ల లోపలి వెడల్పు, పక్క డోర్ల ఎత్తు, నేల నుంచి బాడీ ఫ్లోరు ఎత్తు, క్యాబిన్ కప్పు ఎత్తు.

ఇంకొకటి చాలామంది వదిలేస్తారు. వెనక ఇరుసు సరిగ్గా బాడీలో ఎక్కడికి వస్తుందో గుర్తు పెట్టుకోవాలి. దారానికి చిన్న బరువు కట్టి, బాడీ అంచు నుంచి వెనక చక్రం నడిమధ్యకు వేలాడదీసి, ఆ చోట పెయింట్‌తో గీత పెట్టండి. బరువుల లెక్కంతా ఆ గీత నుంచే మొదలవుతుంది.

2. కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. అంచేత ఛాసిస్‌ని కోయడం, వెల్డింగ్ పెట్టడం, శాశ్వతంగా గది బిగించేయడం జోలికి పోవద్దు. గది విడిగా ఉండి, బాడీకి ఉన్న కొక్కేలకు నాలుగు టర్న్‌బకిల్స్‌తో (తిప్పేకొద్దీ బిగుసుకునే ఇనప కడ్డీలు) బిగించేలా డిజైన్ చేయండి. అలా చేసినా సరే, కట్టే ముందే గీసిన ప్లాన్ పట్టుకెళ్లి మీ ఆర్టీవో ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరా అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. బండి నడుస్తున్నప్పుడు వెనక గదిలో మనుషులు ఉండకూడదు. పిల్లలు ఎంత సరదా పడినా ఇందులో మొహమాటం వద్దు. గూడ్స్ బండి క్యాబిన్‌లో ఆర్సీలో రాసినంత మందే కూర్చోవాలి. నలుగురుంటే మిగతావాళ్లు బస్సులో వస్తారు.

3. కాటా మీద పెట్టండి

డెల్టాలో చాలా రైస్ మిల్లుల దగ్గర బండ్లు తూచే కాటా ఉంటుంది. డీజిల్ నింపి, డ్రైవరూ పక్క మనిషీ కూర్చుని, ఖాళీ బండిని తూయించండి. తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా ఆపి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉండేలా ఇంకోసారి. ఈ మూడు అంకెలూ క్యాంపర్ ఎక్కించాక మళ్లీ తూచినప్పుడు పోల్చుకోవడానికి కావాలి.

బండి మోయగలిగిన బరువులో 60 శాతం దాటకుండా క్యాంపర్ పూర్తవ్వాలన్నది నా లెక్క. అరటి గెలల లోడుకీ దీనికీ తేడా ఉంది. గెలల బరువు చాలావరకు ఫ్లోరుకి దగ్గరగా ఉంటుంది, ఊరు దాటగానే దిగిపోతుంది. క్యాంపర్ బరువు ఎత్తులో ఉంటుంది, ప్రయాణమంతా ఉంటుంది. 1300 కేజీలు మోసే బండికి ఇంచుమించు ఇలా వేసుకోవచ్చు: ఫ్రేము, గోడలు, కప్పు కలిపి 280, లోపలి చెక్కపని 90, నీళ్లు 60, బ్యాటరీ, సోలార్, వైరింగ్ 40, పొయ్యి, సిలిండరు, ఐస్ బాక్స్ 40, పరుపులు, బట్టలు, గిన్నెలు, సరుకులు 90. మొత్తం 600. ఏస్ లాంటి బండి మీద ఇది కుదరదు. అక్కడ నాలుగు వందలకు మించకుండా, ఇద్దరికి మాత్రమే వేసుకోవాలి.

4. గచ్చు మీద అసలు సైజులో గీయండి

కాగితం మీద, ఫోన్‌లో ఎంత బాగా గీసినా ఒళ్లు తిప్పుకునే చోటు తెలియదు. ఇంటి ముందు గచ్చు మీద సుద్దముక్కతో క్యాంపర్ పెట్టె లోపలి కొలత గీయండి. 9 అడుగుల బాడీ అయితే గోడలకు ఒక్కోవైపు అంగుళంన్నర తీసేస్తే లోపల 8 అడుగుల 9 అంగుళాల పొడవు, 5 అడుగుల 3 అంగుళాల వెడల్పు మిగులుతాయి. అంటే 105 అంగుళాలు, 63 అంగుళాలు. బల్లల చోట అట్టపెట్టెలు, నీళ్ల చోట మినరల్ వాటర్ టిన్నులు పెట్టండి. ఇంట్లో అందరూ అందులోకి దిగి ఒక పూట గడపాలి. ఒకరు వంట చేస్తున్నట్టు కూర్చోండి, ఇంకొకరు వాళ్లను దాటి బయటికి వెళ్లండి. అర్ధరాత్రి లేచినట్టు, పక్కవాళ్లను తొక్కకుండా తలుపు దాకా వెళ్లి చూడండి. పెద్దవాళ్లుంటే బల్ల మీద నుంచి చేయి ఊతం లేకుండా లేవగలుగుతున్నారో లేదో తప్పకుండా గమనించండి.

5. పడక, గాలి

ఈ రెండిటినీ కలిపే ఆలోచించాలి.

అయిదుంపావు అడుగుల వెడల్పులో అడ్డంగా పడుకోవడం పెద్దవాళ్లకు కుదరదు. పడక బండి పొడవునే ఉండాలి. క్యాబిన్ నెత్తి మీదికి పొడిచి కట్టే పడక డెల్టాకు నేను ఒప్పుకోను. బరువు పైకి పోతుంది, కప్పుకీ ముక్కుకీ మధ్య చోటు ఉండదు, వేడి గాలి చేరేదీ అక్కడే, పైగా కొబ్బరి మట్టలు తగులుతాయి.

నేను సిఫారసు చేసే అమరిక ఇది. ముందు గోడ నుంచి వెనక్కి 75 అంగుళాలు, అంటే ఆరుంపావు అడుగులు, రెండు పక్కలా రెండు పొడవు బల్లలు. ఒక్కోటి 22 అంగుళాల వెడల్పు. మధ్యలో 19 అంగుళాల నడవ. పగలు ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగొచ్చు, భోజనం చేయొచ్చు. రాత్రి ఒక బల్ల కింద నుంచి రీపర్ల (సన్నటి చెక్క పట్టీల) పలకను లాగి నడవ మీద పరిస్తే గోడ నుంచి గోడ దాకా 63 అంగుళాల వెడల్పు పడక తయారవుతుంది. దంపతులూ ఓ చిన్న పిల్లా హాయిగా పడుకోవచ్చు. ఒక్కరే వెళ్తే పలకతో పనే లేదు. ఒక బల్ల మీద పడుకుని నడవ అలాగే వదిలేయొచ్చు.

బల్ల ఎత్తు 16 అంగుళాలు, దాని మీద 3 అంగుళాల పరుపు. పరుపు నుంచి కప్పుకు 39 అంగుళాలు ఉంటే మనిషి తల తగలకుండా నిటారుగా కూర్చోగలడు. ఆ లెక్కన లోపలి ఎత్తు 58 అంగుళాలు, అంటే 4 అడుగుల 10 అంగుళాలు. లోపల నిలబడలేకపోతే ఎలా అంటారేమో. నిలబడే పని వంటది. దాన్ని బయటికి పంపేస్తున్నాం కాబట్టి ఈ ఎత్తు సరిపోతుంది.

పరుపు కొబ్బరి పీచుది తీసుకోండి. అంబాజీపేట చుట్టుపక్కల పీచుకు కొదవ లేదు. ఫోమ్ చెమటను పట్టి ఉంచుకుంటుంది, పీచు గాలి ఆడనిస్తుంది. పరుపు కింద నిండు ప్లైవుడ్ పలక వేయకుండా 2 అంగుళాల రీపర్లు, అంగుళం సందు వదిలి కొట్టించండి. మన తేమకు నిండు పలక మీద వేసిన పరుపు అడుగున బూజు పట్టేస్తుంది.

ఇప్పుడు గాలి. కిటికీ ఎక్కడ పెట్టాలని అడిగితే మేస్త్రి సాధారణంగా కూర్చున్న మనిషి కళ్ల ఎత్తున గుర్తు పెడతాడు. బస్సు కిటికీకి అది సరే. మనకు కావలసింది పడుకున్న మనిషి మొహానికీ ఛాతీకీ తగిలే గాలి. పరుపు పైభాగం ఫ్లోరు నుంచి 19 అంగుళాల దగ్గర ఉంది కాబట్టి కిటికీ కింది అంచు 22 దగ్గర మొదలవ్వాలి. ఎత్తు 14 అంగుళాలు, పొడవు 30. తలలు క్యాబిన్ వైపు పెట్టుకుంటాం కాబట్టి కిటికీలు కూడా ముందు భాగంలో, ఎదురెదురుగా ఉండాలి. బండి పక్క డోర్లు మూసి ఉన్నా కిటికీలు వాటి పైనే తెరుచుకుంటున్నాయో లేదో మీ కొలతతో సరిచూసుకోండి. వెనక తలుపు పై సగం మొత్తం మెష్ పెట్టించండి. కప్పులో పాదాల వైపు 14 అంగుళాల చదరపు కన్నం చేసి, వేడి గాలిని బయటికి లాగే 12 వోల్టుల ఫ్యాన్ బిగించండి. తలల దగ్గర లోపలికి వచ్చిన గాలి ఒంటి మీదుగా సాగి పాదాల పైనుంచి బయటికి పోతుంది.

రొయ్యల చెరువుల పక్కన దోమల సంగతి చెప్పక్కర్లేదు. మెష్ సన్నగా ఉండేకొద్దీ గాలి తగ్గుతుంది. అందుకే కిటికీ ఇంత పెద్దది అడుగుతున్నాను. మెష్ చట్రం ఊడదీసి కడుక్కునేలా ఉండాలి. రోడ్డు దుమ్ము పట్టిన మెష్‌లోంచి గాలి రాదు.

వానాకాలం సంగతి కూడా చూడాలి. వాన వస్తే కిటికీ మూస్తాం, మూస్తే ఉడికిపోతాం. కాబట్టి కిటికీ రెక్క పైనుంచి మడతబందులతో బయటికి, పైకి లేచేలా పెట్టించండి. లేచిన రెక్కే చూరులా అడ్డం ఉంటుంది, జల్లు లోపలికి రాదు, గాలి ఆగదు. పక్కకు జరిగే కిటికీలు చవకే గానీ సగమే తెరుచుకుంటాయి, వానకు పనికిరావు.

ఇవన్నీ కోయకముందే తేల్చుకునే దారి ఉంది. గోడలకు బదులు అట్టలో, పాత బరకాలో కట్టి, కిటికీల చోట కన్నాలు కోసి, లోపల పడుకుని తల దగ్గర అగరొత్తి వెలిగించండి. పొగ నిలువుగా లేచి కప్పు కింద తిరుగుతోందంటే గాలి ఆడట్లేదని అర్థం. కిటికీ కన్నాన్ని రెండంగుళాలు దించండి, లేదా ఎదుటి కన్నాన్ని పెద్దది చేయండి. పొగ ఒంటి మీదుగా పక్కకు వాలి కప్పు కన్నం వైపు సాగిందంటే కుదిరినట్టే. అప్పుడు గుర్తు పెట్టి మేస్త్రికి ఇవ్వండి.

6. వంట బయటికి

ఇలాంటి బండ్లలో బాడీ ఫ్లోరు నేల నుంచి రెండున్నర, మూడు అడుగుల మధ్య ఉంటుంది. మన ఇళ్లలో వంటగట్టు ఎత్తు కూడా ఇంచుమించు అంతే. అంటే నేల మీద నిలబడిన మనిషికి బండి ఫ్లోరే వంటగట్టు! అందుకే వంటను వెనక ఎడమ మూలలో, 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల లోతు ఉన్న సొరుగులో పెట్టండి. వెనక డోరు దించి, సొరుగు లాగితే పొయ్యి బయటికి వస్తుంది. మీరు నేల మీద నిలబడి, నడుం వంచకుండా వండుకోవచ్చు. వేడి, పొగ, వేపుడు వాసన లోపలికి చేరవు. పెట్టె వెనక గోడ పై భాగం పైకి లేచే తలుపైతే, అదే తలకు గొడుగు.

సొరుగుకు ఇంట్లో వాడే మామూలు టెలిస్కోపిక్ ఛానల్ సరిపోదు. నిండుగా 40 కేజీలు ఉంటుంది, బయటికి లాగాక బరువంతా ఛానళ్ల మీద వేలాడుతుంది. బరువు మోసే రకం, లాగిన చోట ఆగిపోయే తాళం ఉన్నది అడిగి తీసుకోండి. మూసి ఉన్నప్పుడు పట్టి ఉంచడానికి టవర్ బోల్టు అదనంగా పెట్టాలి. లేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు సొరుగు వెళ్లి వెనక తలుపుకు గుద్దుకుంటుంది.

గ్యాసుకి 5 కేజీల చిన్న సిలిండరు చాలు. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే కిందికి దిగి ఫ్లోరు మీద పేరుకుంటుంది. అందుకే సిలిండరు గూడు లోపలి గదితో సంబంధం లేకుండా, బయట నుంచి మాత్రమే తెరుచుకునేలా, అడుగున రెండు కన్నాలతో ఉండాలి. కన్నాలు పైన పెడితే ప్రయోజనం లేదు. ప్రయాణంలో రెగ్యులేటర్ తీసి, టోపీ పెట్టాలి. గట్టి వాన పడి లోపలే టీ కాచుకోవాలనిపిస్తే కిటికీలు, కప్పు కన్నం అన్నీ తెరిచి, పొయ్యి ఆర్పేదాకా దగ్గరే ఉండండి. పొయ్యి వెలిగించి పడుకోవడం ప్రాణాంతకం.

వెనక కుడి మూల మరో 22 బై 30 చోటు మిగిలింది. కింద మూత ఉన్న పోర్టబుల్ టాయిలెట్, పైన బట్టల అలమర. ఈ రెండు మూలల మధ్య 19 అంగుళాల నడవే లోపలికి దారి. మెట్టు విడిగా ఉండి ఫ్లోరు కిందికి దూరిపోవాలి. పెద్దవాళ్లకు ఒక మెట్టు చాలదు, రెండు కావాలి, పట్టుకోవడానికి తలుపు పక్కన కడ్డీ కూడా.

7. నీళ్లు

సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. కాబట్టి తాగే నీళ్లు, కడుక్కునే నీళ్లు వేరు చేయండి. తాగడానికి ఏ ఊళ్లోనైనా మార్చుకోగలిగే 20 లీటర్ల టిన్ను ఒకటి. కడుక్కోవడానికి 40 లీటర్ల ట్యాంకు, కాలితో తొక్కే చిన్న పంపు. లీటరు అంటే కేజీ, అంచేత వంద లీటర్ల ట్యాంకు ఆశ వద్దు. ట్యాంకు లోపల అడ్డు గోడ లేకపోతే సగం నిండినప్పుడు నీళ్లు మలుపుల్లో ఓ పక్కకు కొట్టి బండిని ఊపుతాయి. అడ్డు గోడ దొరక్కపోతే రెండు చిన్న ట్యాంకులు పెట్టండి.

వాడిన నీళ్లకు మూత ఉన్న డబ్బా, టాయిలెట్‌కి దాని సొంత డబ్బా. వాటిని ఎట్టి పరిస్థితిలోనూ కాలువలోకి వంపకండి. కింద ఎన్నో ఊళ్ల మంచినీళ్ల చెరువులు ఆ కాలువతోనే నిండుతాయి. దారిలో పెట్రోలు బంకు టాయిలెట్‌లోనో, ఇంటికొచ్చాకో ఖాళీ చేయండి.

8. బరువును చోట్లలో సర్దండి

ఇప్పుడు ఇరుసు గీతకు తిరిగి వద్దాం. గీతకు ముందున్న బరువు బండిని నేలకు అదిమి స్టీరింగ్ నిలుపుతుంది. గీతకు వెనకున్న బరువు ముందు చక్రాల్ని తేలిక చేస్తుంది. కేజీలను గీత నుంచి ఉన్న దూరంతో హెచ్చవేసి, ముందువి కూడి, వెనకవి తీసేయండి. జవాబు ప్లస్‌లో రావాలి.

ఉదాహరణకి నీళ్లు 60 కేజీలు, గీతకు 2 అడుగులు ముందు: 120. బ్యాటరీ, వైరింగ్ 25 కేజీలు, 3 అడుగులు ముందు: 75. ఐస్ బాక్స్ 20 కేజీలు, అడుగు ముందు: 20. మొత్తం 215. వెనక వైపు వంట సొరుగు 40 కేజీలు, 3 అడుగులు: 120. సిలిండరు 12 కేజీలు, 3 అడుగులు: 36. అలమర 25 కేజీలు, 3 అడుగులు: 75. మొత్తం 231. పదహారు తేడాతో వెనక్కి వాలింది. అలమరలోని బియ్యం, నూనె, పనిముట్లు కలిపి 15 కేజీలు తీసి ముందు బల్ల కింద, గీతకు 2 అడుగులు ముందు పెట్టండి. ముందు 245, వెనక 186. యాభై తొమ్మిది ప్లస్‌లో వచ్చింది. డబ్బు ఖర్చు లేకుండా, సామాను చోటు మార్చడంతోనే కుదిరింది. పెట్టె సొంత బరువుని, దాని నడిమధ్య గీతకు ఎటు వస్తుందో చూసి ఇదే లెక్కలో కలపాలి.

కుడి ఎడమల సంగతి కూడా అంతే. మనకు డ్రైవరు కుడి వైపు. ఒక్కరే వెళ్లే ప్రయాణాలు ఎక్కువైతే నీళ్లు, బ్యాటరీ ఎడమ బల్ల కింద పెట్టండి. డెల్టాలో చాలా రోడ్లు కాలువ గట్ల మీదే నడుస్తాయి. వాన పడ్డాక గట్టు అంచు మెత్తబడుతుంది. ఎదురుగా ట్రాక్టర్ వచ్చి ఎడమ చక్రాలు అంచుకు దిగినప్పుడు బండి ఎటు ఒరిగేదీ ఈ సర్దుబాటే చెబుతుంది. అంచేత బరువైనదేదీ బల్ల ఎత్తు దాటి పైకి వెళ్లకూడదు. పై గూళ్లలో దుప్పట్లు, తువ్వాళ్లు మాత్రమే.

9. కరెంటు

దీని గురించి జనం ఎక్కువ టెన్షన్ పడతారు గానీ లెక్క చిన్నది. రెండు చిన్న ఫ్యాన్లు, ఒక్కోటి 20 వాట్లు, 8 గంటలు: 320 వాట్ అవర్లు. లైట్లు, ఫోన్లకు 100. మొత్తం 420. 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1280 ఉంటుంది, అంటే రెండు రాత్రులు నిశ్చింత. ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే పెద్ద ట్యూబులర్ బ్యాటరీ దీనికి నాలుగైదు రెట్లు బరువు. కప్పు మీద 200 వాట్ల సోలార్ ప్యానెల్ ఎండ బాగున్న రోజున ఏడెనిమిది వందలు ఇస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో దాని మీద ఆశ వద్దు, నడిచే బండి నుంచి ఛార్జ్ అయ్యేలా డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టండి. బ్యాటరీ ప్లస్ దగ్గరే, జానెడు దూరంలో ఫ్యూజు ఉండాలి.

ఫ్రిజ్ పెడితే రోజుకు ఇంకో 500 దాకా పోతుంది. డెల్టాలో దానికన్నా మంచి ఐస్ బాక్స్ మేలు. రొయ్యలకూ చేపలకూ ఐసు అమ్మే ఫ్యాక్టరీలు దారి పొడవునా ఉంటాయి. ఆ ఐసు తినడానికి చేసింది కాదు కాబట్టి పాలు, కూరలు డబ్బాల్లో మూసి పెట్టి, చల్లదనానికే వాడండి. ఏసీ ఈ సైజు బ్యాటరీతో ఒక్క రాత్రి కూడా నడవదు.

10. మేస్త్రితో మాట్లాడేటప్పుడు

మన వడ్రంగులు ఇళ్లకు చేసే పనిలో ఆరితేరినవాళ్లు. ఇంటికి బరువు మంచిది, బండికి శత్రువు. సంభాషణ ఇలా నడుస్తుంది.

"పద్దెనిమిది ఎంఎం వేసేద్దామండీ, పది కాలాలు ఉంటదండీ."

"వద్దు మేస్త్రి గారూ. ఎనిమిది బై నాలుగు షీటు పద్దెనిమిదిది ఒక్కోటి ముప్పై అయిదు కేజీల పైమాట. పన్నెండుది పాతిక. బల్లల పైభాగానికి పన్నెండు, పక్కలకు ఆరు వేసి లోపల రీపర్లు కొట్టండి."

"మరి ఊగదాండీ?"

"మూల మూలకీ అడ్డ పట్టీ వేస్తే ఊగదండీ."

ప్లైవుడ్ ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ రకమే తీసుకోండి. ఐఎస్ 303 కమర్షియల్ రకం మన తేమకు పొరలు విడిపోతుంది. కోసిన అంచులన్నిటికీ రెండు పూతలు పెయింట్ పట్టించాలి, కంటికి కనపడని అంచులకు కూడా. మేకుల బదులు స్టెయిన్‌లెస్ స్క్రూలు. అల్యూమినియం ఫ్రేము ఇనప బాడీని నేరుగా తాకితే ఉప్పుగాలికి తాకిన చోట అల్యూమినియం తుప్పు పట్టి పాడవుతుంది, మధ్యలో రబ్బరు పట్టీ వేయించండి. కప్పులో వేడిని ఆపే 25 ఎంఎం ఎక్స్‌పీఎస్ ఫోమ్ బోర్డు, పైన తెల్ల పెయింటు. ఎండ దెబ్బ తగిలేది ముందుగా కప్పుకే, గోడలకు డబ్బు తక్కువ పెట్టినా పర్వాలేదు.

11. ఎత్తు, తోక

ఫ్లోరు 33 అంగుళాల ఎత్తున ఉంటే, పెట్టె మందంతో కలిపి పై కప్పు నేల నుంచి 7 అడుగుల 8, 9 అంగుళాల దగ్గర ఆగుతుంది, ప్యానెల్‌తో 8 అడుగుల లోపే. ఊళ్లలో వీధికి అడ్డంగా వేలాడే సర్వీసు వైర్లు, దారి మీదికి వాలిన కొబ్బరి మట్టలు చూసే ఈ ఎత్తు ఎంచుకున్నాను. క్యాబిన్ అద్దం మూల ఈ ఎత్తు రాసి అతికించుకోండి. రాత్రి ఆపేటప్పుడు నెత్తిన కొబ్బరి చెట్టు లేకుండా చూసుకోవాలి. కాయ పడితే ప్యానెల్ పగులుతుంది, మనిషి బయట ఉంటే అంతకన్నా ఘోరం.

పెట్టె తోక బాడీ దాటి వెనక్కి పొడుచుకు రాకూడదు. సఖినేటిపల్లి రేవులోనో, కోటిపల్లి రేవులోనో పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కేటప్పుడు ముందు చక్రాలు పలక ఎక్కుతుంటే వెనక భాగం నేలకు దిగుతుంది. మెట్టు, టాయిలెట్ పైపు లాంటివి అక్కడ వేలాడితే మొదటి రేవులోనే విరుగుతాయి. వంట సొరుగు గొళ్లెం వేశారో లేదో పంటు ఎక్కే ముందు ఓసారి దిగి చూడండి.

12. మొదటి రాత్రి

అన్నీ అమర్చాక, ట్యాంకు నింపి, సరుకులు సర్ది, మళ్లీ అదే కాటాకు వెళ్లండి. ముందు చక్రాల మీద బరువు ఖాళీ బండి కంటే తగ్గకూడదు. తగ్గితే సామాను ముందుకు జరపండి. కమాను కట్టలు ఓ పక్కకు కుంగాయేమో చూడండి. రెండు వెనక చక్రాల పైన బాడీ అంచు నుంచి నేలకు కొలిస్తే తెలుస్తుంది.

మొదటి రాత్రి దూరం పోకండి. ఇంటి దగ్గరే, గాలి పడే చోట, బండి పక్క భాగం గాలికి ఎదురుగా ఉండేలా నిలిపి పడుకోండి. గట్టు మీద బండిని ఎలా తిప్పి ఆపాలన్నది మన చేతిలో ఉండదు గనక, తర్వాతి రాత్రి బండి మూతి గాలికి ఎదురుగా పెట్టి చూడండి. అప్పుడు వెనక తలుపు మెష్, కప్పు ఫ్యాన్ రెండిటి మీదే ఆధారపడతారు. చెమట పడితే క్యాబిన్ కప్పుకు పైన ముందు గోడలో మూసి తెరిచే చిన్న వెంటిలేటర్ చేయించుకోవాలి. లోపల చేతికి అందని వస్తువేది, మోకాలికి తగిలే మూలేది అన్నది నిద్రలేచిన వెంటనే రాసుకోండి. మూలలన్నీ గుండ్రంగా చెక్కించడం, గొళ్లేలు మార్చడం లాంటివి ఈ దశలో తేలిక.

టర్న్‌బకిల్స్ మొదటి పది కిలోమీటర్లకే కాస్త వదులవుతాయి. పెట్టె బాడీలో సర్దుకోవడమే కారణం. బయల్దేరాక మొదటి ఊళ్లో ఆగి నాలుగూ బిగించండి, యాభై కిలోమీటర్ల దగ్గర మళ్లీ చూడండి, ఆ తర్వాత రోజూ పొద్దున్నే టైర్ల గాలితో పాటు వాటిని కూడా చేత్తో పట్టి చూడండి.